ఎనిమిది మోడెమ్‌ల ఆంటీ

ఆంటీ పోయిన కబురు నాకు మెయిల్‌లో తెలిసింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున. న్యూజీలాండ్‌లో, హామిల్టన్ నుంచి అరగంట దూరంలో ఉన్న ఒక పాడి ఫార్మ్‌కి పని మీద వెళ్తున్నాను. ఆవులు రోడ్డు దాటుతుంటే కారు ఆపి కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. మెయిల్ ఆంటీ అడ్రస్ నుంచే వచ్చింది కానీ సబ్జెక్ట్ ఖాళీగా ఉంది. సబ్జెక్ట్ రాయకుండా మెయిల్ పంపే మనిషి కాదు ఆమె.

"అమ్మ నిన్న మధ్యాహ్నం పోయింది. నిద్రలోనే, నొప్పేమీ లేకుండా. అమ్మ అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ ఇది పంపుతున్నాను. అంత్యక్రియలు శుక్రవారం."

ఆంటీ కూతురు ఇంగ్లీషులో రాసిన నాలుగు వాక్యాలు. అంతే.

ఆవులన్నీ దాటిపోయాయి. నేను కారు కదిలించలేదు. వాటి వెనక నాలుగు చక్రాల క్వాడ్ బైక్ మీద వస్తున్న రైతు దిగి, అద్దం మీద తట్టి, "బాగానే ఉన్నావా?" అని అడిగాడు. "మా టీచర్ చనిపోయారు" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఆఫీసు కాగితాల్లో నాకు సీనియర్, అంతే. ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళు. మా అమ్మకన్నా పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మొదటి రోజు నుంచీ ఆంటీ అనే అన్నాను.

ఆ మొదటి రోజు గురించి చెప్పాలంటే ముందు నా అబద్ధం గురించి చెప్పాలి.

నేను నల్లగొండ నుంచి హామిల్టన్‌కి చదువుకోవడానికి వచ్చాను. కోర్సు అయిపోయింది. వీసా గడువు కరిగిపోతోంది. పెట్రోల్ బంకులో పనిచేస్తూ రోజూ అప్లికేషన్లు పెట్టేదాన్ని, జవాబు వచ్చేది కాదు. మా ఫ్లాట్‌లో ఉండే అమ్మాయిలు, "ఇండియాలో ఎక్స్‌పీరియెన్స్ ఉందని రాయవే, అందరూ రాసేదే" అన్నారు. రాశాను. లినక్స్ సర్వర్లు చూసుకోవడంలో రెండేళ్ళ అనుభవం అని రాశాను. నిజానికి కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండు మూడుసార్లు చూసి ఉంటాను, అదీ ముందు బెంచీ వాళ్ళ భుజాల మీదుగా.

ఆ సీవీ చూసి ఒక చిన్న కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. పాలు పితికే షెడ్లలో కంప్యూటర్లు పెట్టే కంపెనీ. ఏ ఆవు ఎన్ని పాలిచ్చింది, దేనికి ఒంట్లో బాగాలేదు అన్న వివరాలన్నీ షెడ్ల నుంచి ఇంటర్నెట్ మీద ఆఫీసుకి వస్తాయి. వాటిని అందుకుని దాచిపెట్టి, రైతు అడిగినప్పుడు చూపించే పెద్ద కంప్యూటర్లే సర్వర్లు. వాటిని చూసుకునేది ఆంటీ. ఆమెకు రిటైర్మెంట్ దగ్గరపడుతోందని, ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి నన్ను తీసుకున్నారు.

చిన్న మనిషి. ఎండాకాలంలో కూడా తలకు ఊలు టోపీ, ఎందుకంటే సర్వర్ గదిలో చలి. నా వంక చూసి, "ఏ ఊరు పిల్లా మీది?" అని తెలుగులో అడిగింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె ఫిజీ మనిషని చెప్పారు గానీ తెలుగు మనిషని ఎవరూ చెప్పలేదు. చెరకు తోటల్లో పనికి ఫిజీ తీసుకుపోయిన తెలుగువాళ్ళలో ఆమెది నాలుగో తరం. "మా నానమ్మ నేర్పిన తెలుగే. మాటాడ్డం వచ్చు, సదవడం రాయడం రాదు" అంది.

తర్వాత నన్ను ఒక స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. నల్లటి స్క్రీన్, మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. "ఇందులో జాగా ఎంత మిగిలిందో సూడు" అంది. నా చెయ్యి మౌస్ కోసం బల్లంతా వెతికింది. మౌస్ లేదు. ఆమె ఆ చెయ్యి ఆగేదాకా చూసింది. చివరికి, "టీ తాగుదాం రా" అంది.

ఆఫీసు కిచెన్‌లో కెటిల్ ఆన్ చేసి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఇప్పుడు సెప్పు. లినక్స్ ఎన్నేళ్ళు సేసినావు?"

రెండేళ్ళు అనబోయాను. "అబద్ధం రాశాను ఆంటీ" అన్నాను.

"అలాగా. అయితే ఇది బాసుకి నువ్వే సెప్పాల."

"చెప్తే తీసేస్తారు ఆంటీ. వీసా కూడా పోతుంది."

"తీసేత్తే తీసేత్తారు. పని నేను నేర్పుతాను. నీ అబద్ధం మాత్రం నేను మొయ్యను."

మా బాసు ఇక్కడే పుట్టి పెరిగిన పొడుగాటి కివీ, బురద బూట్లతోనే ఆఫీసులో తిరిగేవాడు. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని తల గోక్కున్నాడు. గాజు తలుపు అవతల నిలబడి టీ తాగుతున్న ఆంటీ వైపు చూశాడు. "ఎలాగూ నీకు తొంభై రోజుల ట్రయల్ ఉంది. ఆవిడ సరే అంటే నాకూ సరే. ఇంకో అబద్ధం చెప్తే మాత్రం తొంభై రోజులు ఆగను" అన్నాడు.

అలా మొదలైంది నా చదువు. ఆంటీ తన బల్ల కింద నుంచి ఒక పాత కంప్యూటర్ బయటికి లాగి నేల మీద పెట్టింది. "ఇది నీది. దీన్ని పాడుసెయ్యి" అంది. నిజంగానే ఆ మాట అంది. లినక్స్ ఎక్కించడం, పాడుచేయడం, ఎందుకు పాడైందో కనుక్కోవడం, తుడిచేసి మళ్ళీ ఎక్కించడం. మొదటి వారమంతా నేల మీద కూర్చుని అదే పని. రెండో వారం నుంచి నేను రాకముందే వచ్చి ఆమే ఏదో ఒకటి చెడగొట్టి ఉంచేది. ఒకరోజు మధ్యాహ్నం దాకా తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, నెట్‌వర్క్ వైరు ఊడదీసి ఉంది. కోపంగా చూశాను. "ముందు వైరు సూడాల" అని నవ్వకుండా అంది.

ఆమె దగ్గర ఒక అలవాటు ఉండేది. పెద్ద కమాండ్ ఏదైనా టైప్ చేశాక వెంటనే ఎంటర్ నొక్కేది కాదు. చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకునేది. టైప్ చేసింది మొదటి నుంచీ పైకి చదివేది. ఏ సర్వర్ మీద ఉందో దాని పేరు కూడా చదివేది. అప్పుడు చెయ్యెత్తి ఎంటర్ నొక్కేది. నేను గబగబా నొక్కేస్తుంటే వేళ్ళ మీద స్కేలుతో చిన్న దెబ్బ వేసేది. "ఎనక్కి తీసుకునే మీట దీనికి లేదు పిల్లా" అనేది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఈ అలవాటు చూసి నవ్వొస్తుంది. నవ్వనీ.

ఫార్మ్‌లకు వెళ్ళేటప్పుడు ఆమే డ్రైవ్ చేసేది. లిమిట్‌కన్నా చాలా తక్కువ స్పీడులో వెళ్ళేది. మా వెనక పాల ట్యాంకర్లు బారులు తీరేవి. హారన్ కొడితే అద్దంలో చూసి, "ఎల్తన్నాం కదా" అనేది. ఆ ప్రయాణాల్లోనే ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇంటర్నెట్ అంటే సముద్రం కింద వేసిన కేబుళ్ళు అనుకునేదాన్ని నేను. "కేబులు వేస్తే సాలదు. దాన్ని పట్టుకునే తెలివి కంప్యూటర్‌కి ఉండాల. ఆ తెలివి ఆపరేటింగ్ సిస్టమ్‌ది" అనేది ఆమె.

పెళ్ళయి హామిల్టన్ వచ్చిన కొత్తలో ఆమెకు ఇక్కడి యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో టేపులు మార్చే పని దొరికింది. గదంత మిషన్లు. ఒక్కో కంపెనీ మిషన్‌కి దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్. ఒక కంపెనీ మిషన్‌లో ఉన్నది పక్కనే ఉన్న ఇంకో కంపెనీ మిషన్‌కి పంపాలంటే, టేపు మీదకి ఎక్కించి, ఆ టేపు చేత్తో పట్టుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. "ఆ నెట్‌వర్క్ నేనే పిల్లా. నా కాళ్ళే" అనేది.

తర్వాత యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు దాని లోపలే నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతిని పెట్టి, ఎలా రాశారో ఆ రాతతో సహా మిగతా యూనివర్సిటీలకు పంచారు. ఎవరి మిషన్ ఏ కంపెనీదైనా సరే, దాని మీద యూనిక్స్ ఉంటే చాలు, మరో యూనిక్స్ మిషన్‌తో మాట్లాడుతుంది. అలా ఊరూరా యూనివర్సిటీలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. న్యూజీలాండ్‌కి బయటి ప్రపంచంతో మొదటి ఇంటర్నెట్ లైను దిగింది కూడా హామిల్టన్ యూనివర్సిటీలోనే. ఆంటీ ఆ పనిలో పెద్ద మనిషేం కాదు, అప్పటికీ టేపుల మనిషే. కానీ ఆ రోజుల్లో హవాయి అవతల ఉన్న ఒక మిషన్‌ని పలకరిస్తే అది జవాబిచ్చిందని చూపించడానికి ఎవరో ఆమెను పిలిచారట. స్క్రీన్ మీద ఒక్క లైను. "టేపు లేదు, కాళ్ళు లేవు. నాకు పని పోయిందనుకున్నాను" అని నవ్వింది. "మల్లీ వెంటనే, ఇది నేర్చుకోవాల అనుకున్నాను."

నేర్చుకుంది. తీరిక దొరికినప్పుడల్లా మాన్యువల్స్ ఇంటికి తెచ్చుకుని చదివేది. పక్కన పాప, పొయ్యి మీద కూర. మొదట్లో ఇళ్ళలో కంప్యూటర్లకు ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియదు. ఇంటి విండోస్‌కి ఇంటర్నెట్ మాట నేర్పాలంటే విడిగా ఇంకో ప్రోగ్రామ్ ఎక్కించాలి. ఆంటీ శనివారాలు ఫ్లాపీలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఒక్కో ఇంటికి సగం రోజు పట్టేది. కొన్నాళ్ళకు కొత్త విండోస్ వచ్చింది. అందులో ఆ మాట లోపలే ఉంది. "ఆ ఏడు జనం ఎలా ఒచ్చారనుకున్నావు? కట్ట తెగినట్టు ఒచ్చారు. పెట్టె కొనడం, వైరు పెట్టడం, లోపలికి ఒచ్చేయడం" అనేది. తన శనివారాల పని ఊడగొట్టిన మార్పు గురించి అంత సంతోషంగా చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వచ్చేవాళ్ళు సరే, వాళ్ళని ఇంటర్నెట్‌కి కలిపేవాళ్ళు కావాలి కదా. పట్నాల్లో కంపెనీలు ఉన్నాయి. చుట్టుపక్కల చిన్న ఊళ్ళ వాళ్ళు కనెక్ట్ కావాలంటే దూరపు ఫోన్ కాల్. అప్పటికే లినక్స్ వచ్చింది. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు కలిసి రాసి ఊరికే పంచిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. యూనిక్స్‌లా పనిచేస్తుంది, కానీ గదంత మిషన్ అక్కర్లేదు, ఇంట్లో పెట్టుకునే మామూలు కంప్యూటర్ చాలు. ఆంటీ, అంకుల్ కలిసి వాళ్ళ గరాజ్‌లో చిన్న ఇంటర్నెట్ సర్వీస్ పెట్టారు. ఒక పాత కంప్యూటర్, దాని మీద లినక్స్, దానికి ఎనిమిది మోడెమ్‌లు. మోడెమ్ అంటే ఫోన్ లైను మీద కంప్యూటర్‌ని కలిపే చిన్న డబ్బా. ఎనిమిది డబ్బాలు కాబట్టి ఒకేసారి ఎనిమిది మందికే చోటు. తొమ్మిదో మనిషికి ఎంగేజ్ టోన్. ఆ తొమ్మిదో మనిషి మామూలుగా కారేసుకుని వచ్చి గరాజ్ తలుపు కొట్టేవాడట.

అంకుల్ తన వ్యాన్ బయట వానలో పెట్టుకున్నారు. గరాజ్ మాత్రం పొడిగా, వెచ్చగా ఉండేది.

స్కూల్ టీచర్లు, ఒక పశువుల డాక్టరు, రైతులు, కొత్తగా వచ్చిన ఫిజీ కుటుంబాలు అక్కడ కస్టమర్లు. ఫిజీలో ప్రభుత్వాన్ని పడగొట్టి గొడవలు జరిగిన రోజుల్లో ఫోన్లు కలిసేవి కావు, మెయిళ్ళు మాత్రం వచ్చేవి. అప్పుడు ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళు కూడా గరాజ్‌కి వచ్చి నిలబడేవాళ్ళు. ఆంటీ స్టూలు మీద కూర్చుని, వచ్చిన మెయిళ్ళు ఒక్కొక్కటే పైకి చదివేది, పేర్లు పిలుస్తూ. "మీ తమ్ముడు బాగున్నాడంట. మీ మామయ్య వాళ్ళు అక్క ఇంటికి ఎల్లిపోయారంట." ఒకరోజు ఒక ముసలాయన అడిగాడట, "నా పేరు రాలేదా?" అని. రాలేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా వచ్చాడు. మూడో రోజు వచ్చింది. ఆయన మోడెమ్‌ల పెట్టె మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడట. ఈ కథ చెప్తూ ఆంటీ కారు రోడ్డు పక్కకి తీసి ఆపింది. ట్యాంకర్లు ఒకటొకటిగా మమ్మల్ని దాటి పోయాయి.

వేగంగా నడిచే కొత్త లైన్లు వచ్చాక గరాజ్ నిలబడలేదు. కస్టమర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరి కొద్దిమందీ పెద్దవాళ్ళు, మార్చుకోవడం తెలియక ఉండిపోయినవాళ్ళు. ఆంటీ వాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళి, పెద్ద కంపెనీల కొత్త పెట్టెలు తనే బిగించి వచ్చింది. "బాధ వెయ్యలేదా ఆంటీ?" అని అడిగాను. "ఆళ్ళని ఎంగేజ్ టోన్‌లో ఉంచనా ఏటి?" అంది. తర్వాత, గరాజ్ ఖాళీ అయ్యాక కూడా అంకుల్ ఆ చలికాలమంతా వ్యాన్ లోపల పెట్టలేదని చెప్పింది. ఎందుకని ఈమె అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆంటీకి అన్నీ మంచి గుణాలే అనను. మెచ్చుకోవడం చేతకాదు. నా ట్రయల్ తొంభై రోజులు పూర్తయిన రోజు కేక్ తీసుకొస్తే, "తొంభై ఒకటో రోజు కూడా పనుంటాది" అని ముక్క కోసుకుని వెళ్ళిపోయింది. మొండి మనిషి. స్మార్ట్‌ఫోన్ అంటే మంట. నా ఫోన్ చూసినప్పుడల్లా సాధించేది.

"దాన్ని తెరిచి లోపలేముందో సూడగలవా? నీకు నచ్చినట్టు మార్చగలవా? ఆళ్ళు గీసిన గీతలోనే తిరగాల. మేం తలుపులు తీసి పెడితే ఈళ్ళు తాళాలు ఏసుకుంటన్నారు."

ఒకరోజు నాకు ఉక్రోషం వచ్చింది. "మా అమ్మకు కంప్యూటర్ ముట్టుకోవడమంటేనే భయం ఆంటీ. మీ యూనిక్స్ వచ్చింది, విండోస్ వచ్చింది, మా అమ్మ మాత్రం రాలేదు. ఈ ఫోన్ వచ్చాకే రోజూ నా మొహం చూస్తోంది. మీ తలుపుల్లో మా అమ్మకు చోటేదీ?" అన్నాను.

ఆంటీ లేచి సర్వర్ గదిలోకి వెళ్ళిపోయింది. లంచ్ అయ్యేదాకా బయటికి రాలేదు. నేను మరీ ఎక్కువ అన్నానేమో అని భయపడుతుంటే, టోపీ సర్దుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్సే, తెలుసా నీకు? నా కోపం దాని మీద కాదు, తాళాల మీద. సరే, మీ అమ్మకి ఫోన్ సెయ్యి."

నల్లగొండలో అప్పుడు తెల్లవారుతోంది. అమ్మ వాకిట్లో నిలబడి ఎత్తింది. నేను ఫోన్ ఆంటీ చేతికిచ్చాను.

"నమస్తే అక్కా! మంచిగున్నరా? మా బిడ్డను మీరే చూస్కుంటున్నరంట గద."

"నీ బిడ్డే నన్ను సూసుకుంటాది సెల్లెమ్మా. తిన్నావా?"

"ఇంకా పొద్దుగాల్నే అక్కా, చాయ్ గూడ తాగలే."

ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో, ఒకరి మాట ఒకరికి ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి. తర్వాత అమ్మ నాతో, "సగం సమజ్ కాలే బిడ్డా. అయినా పానం నిమ్మలమైంది. నీ దగ్గర ఒక పెద్ద మనిషి ఉంది" అంది. తర్వాతి నెల ఆంటీ స్మార్ట్‌ఫోన్ కొంది. దాన్ని తిడుతూనే వాడింది. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి అమ్మ వాయిస్ మెసేజ్‌లు పంపేది. సర్వర్ గది తలుపు సందులోంచి నల్లగొండ మాటలు వినిపిస్తుంటే నాకు ఏ దేశంలో ఉన్నానో ఒక క్షణం తెలిసేది కాదు.

ఆంటీ రిటైరయిన మరుసటి ఏడు లాక్‌డౌన్ వచ్చింది. ఆవులకు లాక్‌డౌన్ ఉండదు. ఆఫీసుకి వెళ్ళే అనుమతి నాకొక్కదానికే ఉంది. ఒక ఉదయం వెళ్ళేసరికి పెద్ద సర్వర్ లేవడం లేదు. ఫార్మ్‌ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఏ ఆవుకి మందు నడుస్తోందో, దేని పాలు విడిగా పారబోయాలో రైతులకు స్క్రీన్ మీద కనిపించడం లేదు. మందున్న పాలు ట్యాంకర్‌లో కలిస్తే ట్యాంకర్ మొత్తం పారబోయాల్సిందే. ఆంటీకి ఫోన్ చేసి గబగబా అంతా చెప్పాను.

"ఏం చెయ్యాలి ఆంటీ?"

"నువ్వే సెప్పు."

"నాకు తెలీదు. మీరు చెప్పండి ప్లీజ్."

"స్క్రీన్ మీద ఏటి రాసుంది? సదువు."

చదివాను. ఇంకా పైకి జరిపి చదివాను. ఆమె ఊపిరి, వెనకాల రేడియో తప్ప ఫోన్‌లో ఇంకేమీ లేదు. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. సాయం చెయ్యడానికి ఈమెకేం పోయింది అనుకున్నాను. నలభై నిమిషాలు అలాగే ఫోన్ పట్టుకుని ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక్కో లైనూ చదువుతూ, తప్పనుకున్నవి కొట్టేస్తూ పోతే, ఎక్కడ ఆగిపోయిందో నాకే కనిపించింది. రెండు డిస్కుల్లో ఒకటి పోయింది, సిస్టమ్ దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చుంది. రెండోదాని మీద లేపాలి. కమాండ్ టైప్ చేశాను. చదివి వినిపించాను. "ఊఁ" అంది. నొక్కాను. సర్వర్ లేచింది.

"నువ్వు అడిగినప్పుడే నాకు తెలిసిపోనాది డిస్కని" అంది అప్పుడు.

"మరి చెప్పలేదేం ఆంటీ!"

"రేపు నేనుండను కదా పిల్లా" అంది మామూలుగా, బజారుకి వెళ్తున్నానన్నంత మామూలుగా.

నిరుడు చలికాలంలో ఆమెకు జబ్బని తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మ సంగతులు, సర్వర్ల సంగతులు అడిగేది. చాలా సన్నబడింది. టోపీ మాత్రం అదే. ఒక సాయంత్రం నేను చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. ఆ రోజు నన్ను ఎందుకు ఉండనిచ్చారు, అబద్ధం రాసిన అమ్మాయి మీద అంత నమ్మకం ఎలా కుదిరింది అని. ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"కెటిల్ మరిగే లోపల నిజం సెప్పీసినావు. నేను సూసినోళ్ళలో సానా మందికి ఏళ్ళు పట్టింది" అంది.

అదే మా చివరి మాట కాదు. చివరి మాట పార్కింగ్ టికెట్ అయిపోతోంది, ఎల్లిపో అని. కానీ నేను దాచుకున్నది ఇదే.

శుక్రవారం అంత్యక్రియల హాలు నిండిపోయింది. అంకుల్ అంతకుముందే పోయారు కాబట్టి ముందు వరసలో కూతురు, ఆమె పిల్లలు. ఆంటీని ఉంచిన పెట్టె పక్కన చిన్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఫిజీలో ఆంటీ చెల్లెలు ఉందట, విమానం ఎక్కే ఆరోగ్యం లేదట. ఆవిడ చూడ్డానికని ఆ ఏర్పాటు. పంతులుగారు మొదలుపెట్టబోతుంటే స్క్రీన్ మీద బొమ్మ ఆగిపోయింది. హాలు మనిషి వచ్చి అటూ ఇటూ నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది. కూతురు నిస్సహాయంగా వెనక్కి తిరిగి చూసింది.

నేను లేచాను. నాలుగడుగులు వేశాక చూస్తే, నేనొక్కదాన్నే కాదు. కుడివైపు నుంచి తెల్లజుట్టు కివీ ఒకాయన వస్తున్నాడు. వెనక నుంచి ఆసుపత్రి ఐడీ కార్డు మెడలోనే ఉన్న, ఈ దేశపు మూలవాసులైన మావోరీల అమ్మాయి. గోడ పక్క నుంచి తలపాగా చుట్టుకున్న ఒక నడివయసు మనిషి. ఇంకో ఇద్దరు. ఎవరికీ ఎవరూ తెలియదు. బల్ల దగ్గర కలుసుకుని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "నీకూ ఆవిడేనా?" అన్నాడు తెల్లజుట్టు ఆయన మెల్లగా. తలూపాను. ఆ నిమిషం వరకు ఆంటీ విద్యార్థిని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. ఆరుగురం నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం.

బొమ్మ వచ్చింది. తెల్లచీరలో ఒక ముసలావిడ, కెమెరాకి మరీ దగ్గరగా, నుదురూ ఒక కన్నూ మాత్రమే కనిపిస్తూ. "అక్కేదీ? అక్క కనబడ్డం లేదు" అంది. కూతురికి మాట అర్థమైంది. ల్యాప్‌టాప్ రెండు చేతుల్తో ఎత్తి, పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, ఆంటీ మొహం కనిపించేలా వంచి పట్టుకుంది.

ముసలావిడ కాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. అటువైపు, తన తెర మీద, ఆమె అక్క చెంప నిమురుతోంది. పెట్టెకి ఎదురువైపు నిలబడ్డ మాకు మాత్రం ఆమె అరచెయ్యి కనిపించింది, గీతలన్నీ స్పష్టంగా, స్క్రీన్ నిండా.